ఒక్కరోజు పరీక్ష... ఏడాది గ్రేడు!

పరీక్షల గొడవ మన దగ్గరే ఎక్కువని అనుకుంటాం. ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకులు, కార్పొరేట్ కాలేజీలు, తెల్లవారుజామున నాలుగింటికి స్టడీ అవర్లు... ఇవన్నీ మన పిల్లల ఖర్మే అనీ, అమెరికాలో పిల్లలు ఆడుతూ పాడుతూ చదివేస్తారనీ ఒక నమ్మకం. డాలస్‌లో ఉన్న మనవడు ఫోన్లో 'తాతయ్యా, రేపు స్టేట్ టెస్టు' అంటే, 'మీకు కూడా పరీక్షలుంటాయిరా?' అని ఆశ్చర్యపోయే తాతయ్యలు ఇప్పటికీ ఉన్నారు.

ఉంటాయి. కాకపోతే వాళ్ల లెక్క వేరు.

అక్కడ హైస్కూలు అంటే 9 నుంచి 12వ తరగతి వరకు నాలుగేళ్లు. మనకున్నట్లు చివర్లో అందరికీ కలిపి ఒకే పబ్లిక్ పరీక్ష ఉండదు. హోంవర్కు, క్విజ్‌లు, ప్రాజెక్టులు, యూనిట్ టెస్టులు... ఏడాది పొడవునా చేసినవన్నీ లెక్కగట్టి టీచరే గ్రేడు ఇస్తారు. నాలుగేళ్ల గ్రేడ్ల సగటే జీపీఏ. కాలేజీ సీటుకు దరఖాస్తు చేసేటప్పుడు ముందు చూసేది దాన్నే. అంటే అక్కడి పిల్లవాడికి 9వ తరగతి మొదటి వారం నుంచే ప్రతి మార్కూ పబ్లిక్ పరీక్షే!

దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వం పెట్టే పరీక్షలు. 3 నుంచి 8వ తరగతి వరకు ఏటా, హైస్కూల్లో కనీసం ఒకసారి లెక్కలు, ఇంగ్లిష్ పరీక్షలు పెట్టాలని 2002లో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం చెప్పింది. వీటి అసలు ఉద్దేశం బడిని కొలవడం. ఏ బడి బాగా చెబుతోంది, ఎక్కడ పేద పిల్లలు వెనకబడుతున్నారు అని తెలుసుకోవడం. ఇంతవరకు తల్లిదండ్రులకు పెద్దగా పేచీ లేదు. బడిని కొలిచే కర్రతోనే పిల్లవాడి గ్రేడు కూడా కొలుస్తామన్నప్పుడు మొదలైంది అసలు కథ.

టెక్సాస్‌లో ఏం జరిగింది?

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. అక్కడి శాసనసభ 2009లో ఒక చట్టం చేసింది. 2011-12లో 9వ తరగతిలో చేరే పిల్లల నుంచి 'స్టార్' అనే కొత్త పరీక్షలు వస్తాయి. హైస్కూలు పూర్తయ్యేలోగా మొత్తం 15 రాయాలి. ప్రతి పరీక్షలో వచ్చిన స్కోరు ఆ సబ్జెక్టు తుది గ్రేడులో 15 శాతం కింద కలుస్తుంది.

పదిహేను శాతమే కదా, దానికింత రాద్ధాంతమా అనిపిస్తుంది. ఒకసారి లెక్క వేసి చూడండి. ఏడాదంతా చదివి ఒక అమ్మాయి 92 తెచ్చుకుంది. స్టేట్ టెస్టు రోజు జ్వరమో, కంగారో... అందులో 70 వచ్చింది. 92లో 85 శాతం 78.2. 70లో 15 శాతం 10.5. కలిపితే 88.7. అక్కడ చాలా బడుల్లో 90 దాటితేనే 'ఏ' గ్రేడు. ఏడాదంతా 'ఏ' గ్రేడులో ఉన్న పిల్ల ఒక్క ఉదయంతో 'బీ'లోకి దిగిపోయింది.

ఇంకో మెలిక ఉంది. స్టార్ స్కోరు వందకు ఇన్ని అని రాదు. దాన్ని వంద మార్కుల లెక్కలోకి ఎలా మార్చాలో చట్టం చెప్పలేదు. ఆ పని స్కూలు డిస్ట్రిక్టులకు, అంటే కొన్ని బడులను కలిపి నడిపే స్థానిక బోర్డులకు వదిలేసింది. ఒక డిస్ట్రిక్టు ఒక స్కోరును 70 అంటే, పక్క డిస్ట్రిక్టు అదే స్కోరును 85 అనొచ్చు. మన అమ్మాయికే 70 బదులు 85 వేస్తే తుది గ్రేడు 90.95. అదే పిల్ల, అదే పరీక్ష, అదే స్కోరు... రోడ్డుకు ఇవతల 'బీ', అవతల 'ఏ'!

గ్రేడు ఒక మెట్టు దిగితే కొంప మునిగేదేముంది? టెక్సాస్‌లో మునుగుతుంది. 1997 నాటి చట్టం ప్రకారం, తన హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు. అందరూ కోరుకునే ఆస్టిన్ క్యాంపస్‌లో ఆ గీత పైకి జరుగుతూ వచ్చి, 2026 ప్రవేశాలకు 5 శాతం దగ్గర ఆగింది. క్లాసులో పైనున్న పిల్లల మధ్య తేడా దశాంశాల్లోనే ఉంటుంది. అక్కడ 15 శాతం అంటే కొండంత.

అమ్మలు కదిలారు

2012లో టెక్సాస్ తల్లులు గట్టిగా గళమెత్తారు. 'టామ్సా' అనే సంఘం పెట్టుకుని శాసనసభ్యుల చుట్టూ తిరిగారు. తాగి బండి నడపడాన్ని వ్యతిరేకించే తల్లుల సంఘం ఒకటి అమెరికాలో చాలా పేరున్నది. దాన్ని అనుకరిస్తూ వీళ్లకు 'తాగి పరీక్షలు పెట్టడాన్ని వ్యతిరేకించే తల్లులు' అని ముద్దుపేరు పడింది. పరీక్షల మోత తగ్గించాలంటూ 800కు పైగా స్కూలు బోర్డులు తీర్మానాలు చేశాయి. రాష్ట్ర విద్యా కమిషనర్ రాబర్ట్ స్కాట్ స్వయంగా, పరీక్షల వ్యవస్థ తన అసలు ఉద్దేశం నుంచి దారి తప్పిందని ఒప్పుకున్నారు. ఆ మొదటి ఏడాదికి 15 శాతం నిబంధనను పక్కన పెట్టుకోవచ్చని బడులకు వెసులుబాటు ఇచ్చారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 15 పరీక్షలు 5 అయ్యాయి. 15 శాతం నిబంధన పోయింది.

అలాగని అన్ని రాష్ట్రాలూ వెనక్కి తగ్గలేదు. నార్త్ కరోలినా కనీసం 20 శాతం, ఫ్లోరిడా కొన్ని సబ్జెక్టుల్లో ఏకంగా 30 శాతం అని రాసుకున్నాయి. జార్జియాది సరదా కథ. అక్కడ 20 శాతం ఉండేది. కొవిడ్ సమయంలో పరీక్షలు రద్దు చేస్తామంటే కేంద్రం ఒప్పుకోలేదు. సరే, పరీక్ష పెడతాం అని, 2020-21కి గ్రేడులో దాని వాటా 0.01 శాతం చేశారు!

రెండో పక్క

తల్లిదండ్రుల ఆవేదన నిజమే. కానీ ప్రభుత్వాల వాదననూ కొట్టిపారేయలేం. గ్రేడులో కలవని పరీక్షను పదహారేళ్ల పిల్లవాడు మనసుపెట్టి రాస్తాడా? ఏదో ఒకటి గీకేసి వస్తే, ఆ ఫలితాలు చూసి బడికి మంచి పేరో చెడ్డ పేరో ఎలా వేస్తాం? పైగా టీచర్లందరి చేయీ ఒకేలా ఉండదు. ఒకరు ధారాళంగా వేస్తారు, ఒకరు పిసినారిగా వేస్తారు. అందరికీ ఒకే కొలత ఉంటే పేద బడిలో చదివిన తెలివైన పిల్లకు అదే రుజువు అవుతుంది కదా!

ఈ తగువు మనకు కొత్తేమీ కాదు. మన దగ్గర అదే ప్రశ్న తిరగబడి వచ్చింది. అక్కడ ఏడాది గ్రేడులో ఒక్కరోజు పరీక్షను కలిపితే, ఇక్కడ ఒక్కరోజు ఎంసెట్‌లో రెండేళ్ల ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. పిల్లలు ఇంటర్‌ను గాలికొదలకూడదన్నది ఉద్దేశం. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది. ఆంధ్రప్రదేశ్ కొవిడ్ విరామం తర్వాత మళ్లీ తెచ్చుకుంది. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం ఇచ్చి, 2017లో ఎత్తేశారు. ఏ బోర్డు మార్కును ఏ బోర్డు మార్కుతో పోల్చాలన్న చిక్కు దగ్గరే ఇక్కడా అందరూ తలపట్టుకున్నారు. టెక్సాస్ డిస్ట్రిక్టుల చిక్కూ అదే.

అడగాల్సినవి అడగండి

రెండు కొలతలు కలిపినప్పుడు నష్టం ఎప్పుడూ పిల్లలకే తెలుస్తుంది. అందుకే మీ పిల్లలు ఫ్రిస్కోలో చదువుతున్నా, విజయవాడలో చదువుతున్నా విద్యా సంవత్సరం మొదట్లోనే నాలుగు సంగతులు కనుక్కోండి. బయటి పరీక్షకు తుది లెక్కలో ఎంత వాటా? స్కోరును మార్కుగా ఎలా మారుస్తారు? ఫలితం గ్రేడు కార్డు ఇచ్చేలోగా వస్తుందా? ఆ రోజు ఒంట్లో బాగోకపోతే మళ్లీ రాసే వీలుందా, రాస్తే ఏ స్కోరు తీసుకుంటారు?

అమెరికాకు కొత్తగా వెళ్లిన కుటుంబాలు మరో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఈ నిబంధనలు రాష్ట్రానికో తీరు. ఉద్యోగం మారి ఇల్లు మారితే పిల్లవాడి లెక్కలూ మారతాయి. న్యూజెర్సీలో పక్కింటివాళ్లు చెప్పింది షార్లెట్‌లో చెల్లదు. కొత్త బడి కౌన్సెలర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. ఆ కుర్చీ ఉన్నదే అందుకు.

టెక్సాస్ తల్లులు పరీక్షలే వద్దనలేదు. ఈ కొలత దేనికోసం, ఎవరిని కొలవడానికి అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకకే పదిహేను శాతం పోయింది. మన ఇళ్లలో ఆ ప్రశ్న ర్యాంకులు వచ్చాక కాదు, ఫీజు కట్టే రోజునే అడగాలి.