ఆఖరి సూది పాపం కాదు

ముసలి గాడిద కాళ్లు చచ్చుబడి కూలబడిందంటే మన దేశంలో దాని గతి సాధారణంగా నడిరోడ్డే. అదృష్టం బాగుంటే ముసలి, జబ్బు పశువులకు ఆశ్రయమిచ్చే ఏ పాంజ్రాపోల్‌కో చేరుతుంది. రోడ్డున వదిలేయడం తప్పని అందరూ ఒప్పుకుంటారు కాబట్టి దాని మీద వాదన అక్కర్లేదు. పాంజ్రాపోల్‌కు చేరిన గాడిద విషయంలో మాత్రం ఒక మాట తిరుగులేనిదిగా చలామణి అవుతోంది: ప్రాణం పోసినవాడే తీసుకుపోవాలి, మనం మేత, నీళ్లు, మందు ఇచ్చి కనిపెట్టుకుని ఉండాలి, సూది వేసి ప్రాణం తీయడం హింస. గుజరాత్‌లో ఇది ధర్మంగా పాతుకుపోయింది. తెలుగునాట జంతుప్రేమికుల్లోనూ ఈ మాటను కాదనేవాళ్లు తక్కువే. వినడానికి ఇది దయలాగే ఉంటుంది. కానీ నయం కాని నొప్పితో నేల పట్టిన జీవి దగ్గర ఇది దయ కాదనీ, మన చేతుల మీదుగా జరగాల్సిన ఆఖరి పనిని దేవుడి మీదికి నెట్టేయడమనీ నా వాదన.

ఈ వాదన సూరత్ ముందు పెట్టడం న్యాయం, ఎందుకంటే ముసలి పశువుకు ఆసరా ఇవ్వడంలో ఆ ఊరికి ఉన్నంత చరిత్ర మరో ఊరికి ఉండటం అరుదు. 1689లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి సూరత్ చేరిన ఇంగ్లీషు పాదరీ జాన్ ఓవింగ్టన్ అక్కడి పశువుల ఆస్పత్రి గురించి తన పుస్తకంలో రాశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో దాన్ని చూసిన జేమ్స్ ఫోర్బ్స్, 1813లో అచ్చయిన ‘ఓరియంటల్ మెమాయిర్స్’లో ఇంకా వివరంగా చెప్పాడు. ఎత్తయిన గోడల మధ్య వేర్వేరు ఆవరణలు, వాటిలో గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, మేకలు, కోతులు, డెబ్బయి అయిదేళ్లుగా అక్కడే ఉంటోందని చెప్పుకునే ఒక ముసలి తాబేలు. యజమానిది ఏ కులమైనా, ఏ మతమైనా కాళ్లు విరిగిన పశువును కాదనేవారు కారట. నయమైన పశువును తిరిగి యజమానికి ఇచ్చేవారూ కారు. అది అక్కడే ఉండి, లేవలేని పశువులకు నీళ్లు తోడాలి. మరమగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ సూరత్ చేరిన మన పద్మశాలీ కుటుంబాలు వదిలి వచ్చిన తెలుగు ప్రాంతాల్లో పశువులకు ఆశ్రయమంటే గోశాలే. బరువు మోయలేని గాడిద అక్కడి లెక్కలోకి రాదు. పైగా గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం అమ్మకాల వార్తలు చదివినవాళ్లం. 2012 పశుగణనలో దేశంలో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. ఇలాంటి దేశంలో పాంజ్రాపోల్‌ను తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. నా తగవు ఆ ఆశ్రయంతో కాదు, ఆ ఆశ్రయంలోని ఆఖరి వారంతో.

ఆ వారంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. కడుపునొప్పి వస్తే గుర్రం పొర్లుతుంది, గిట్టతో నేల తవ్వుతుంది. గాడిద చెవులు వాల్చి, మేత మాని, ఓ మూల ఊరికే నిలబడుతుంది. నొప్పిని పైకి కనిపించనివ్వని జంతువు కాబట్టి, మనకు తెలిసేసరికే వ్యవహారం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. బాగా చూసుకుంటే గాడిద ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. ఆ వయసుకు పళ్లు అరిగి మేత నలగదు, కీళ్లు బిగుసుకుంటాయి. గిట్ట లోపలి పొర వాచి, ముదిరితే లోపలి ఎముక పట్టు తప్పి కిందికి దిగుతుంది. పడుకున్నది లేవలేకపోతే దాని బరువే దానికి శత్రువు: కింద పడ్డ కండ నలిగిపోతుంది, తుంటి దగ్గర పుండ్లు పడతాయి, పుండ్ల మీద ఈగలు ముసురుతాయి. పక్కన పచ్చగడ్డి, బకెట్ నీళ్లు, నుదుటిన బొట్టు ఉండవచ్చు. అవి చూసి మన మనసు కుదుటపడుతుందేమో గానీ దాని నొప్పి తగ్గదు. “మరో నాలుగు రోజులు చూద్దాం” అన్న మాట ఆ నాలుగు రోజులు భరించేవాళ్ల నోట రావడం లేదు.

ఈ ప్రశ్న గుజరాత్‌కు కొత్త కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని జబ్బుతో విలవిల్లాడుతుంటే గాంధీజీ వైద్యుణ్ణి పిలిపించి సూదిమందుతో దాని బాధ ముగింపజేశారు. అహింసకే అపచారమంటూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. వేరే ఏ ఉపశమనమూ మిగలనప్పుడు, స్వార్థం లేకుండా బాధను అంతం చేయడం హింస కాదని పత్రికాముఖంగా వాదించారు. చట్టమూ ఇదే దారిలో ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్, జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుంటుందని గుర్తించింది. అంటే శాసనంలో ఉన్నదే, ఆచరణలోకి రానివ్వనిది మన భయం.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది: నోరులేని జీవి చావుకు ఒప్పుకుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేరు, నిజమే. అయితే బరువు మోయడానికీ, అమ్ముడుపోవడానికీ కూడా అది ఒప్పుకోలేదు. పని పడితే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని చెప్పుకునే మనం దాని బతుకంతా మన నిర్ణయాలతోనే నడిపి, చివరి ఘడియలో మాత్రం దాని అనుమతి కోసం ఎదురుచూస్తాం అనడం తప్పించుకోవడమే. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఈ తలుపు తెరిస్తే మేత ఖర్చు మిగుల్చుకోవడానికి ముసలి పశువులన్నిటికీ సూది వేసేస్తారు. ఈ భయం న్యాయమైనదే, అందుకే కట్టుబాట్లు కావాలి. వయసు కారణం కాకూడదు, మేత కొరత, చోటు కొరత అసలే కాకూడదు. ముందు నొప్పి మందులు వాడి చూడాలి. రోజూ తిన్నదీ, లేచినదీ పుస్తకంలో రాయాలి. ఇద్దరు పశువైద్యులు విడివిడిగా చూసి సంతకం చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, మేత ఖర్చు భరించేవాడికి ఈ నిర్ణయంలో చోటుండకూడదు. దుర్వినియోగం అవుతుందని భయపడి మంచి పనిని మూసేస్తే, ఆ భయానికి మూల్యం చెల్లించేది గాడిదే.

ఆఖరి సూది వేసేటప్పుడు తోడు గాడిదను పక్కన ఉండనివ్వాలంటే, గాడిదకు వీడ్కోలేమిటి, అదంతా మనుషుల భావుకత అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జవాబు పశువైద్యంలోనే ఉంది. గాడిదలు జంట కడతాయి. తోడును చాటుగా తీసుకుపోతే మిగిలినది మేత ముట్టదు. మేత మానిన గాడిద ఒంట్లోని కొవ్వు నెత్తురులోకి వచ్చిపడి, ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందుకే 1969లో ఇంగ్లండ్‌లో మొదలైన డాంకీ శాంక్చువరీ వంటి సంస్థలు, చనిపోయిన గాడిద దగ్గర తోటి గాడిదను కొంతసేపు వదిలేస్తాయి. అది వాసన చూసి, తానుగా పక్కకు వెళ్లేదాకా కదిలించరు. కాబట్టి ఈ వీడ్కోలు బతికినదాన్ని బతికించే వైద్యం కూడా.

సూరత్‌లోనైనా, మన ఊళ్లలోనైనా జంతువుల ఆశ్రయం నడిపేవాళ్లను అడగాల్సింది ఇంతే. పరిచయమున్న మనిషి తల నిమురుతుండగా, తోడు గాడిద పక్కనుండగా, ముందు మత్తు, ఆపైన ఆఖరి సూది ఇప్పించండి. ఆ మందు కళేబరాన్ని తిన్న కుక్కలనూ రాబందులనూ చంపగలదు కాబట్టి లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. బతికినన్నాళ్లు మేత పెట్టిన చేతులకు ఈ పని బరువే. అయినా ఆ బరువు మనం మోయాల్సిందే గానీ, నేల పట్టిన గాడిద మీద వేయకూడదు.