కొండచిలువకు ఇల్లు కట్టగలమా?



ఈ మధ్య మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఇంటర్వెల్లో నా దగ్గరకు వచ్చి, "సార్, బాల్ పైథాన్‌ను పెంచాలంటే ఎంత పెద్ద అద్దాల పెట్టె కావాలి?" అని అడిగాడు. ఎవరో ఆ పామును మెడలో వేసుకుని ఆడించడం ఫోనులో చూశాడట. పక్కనున్న కుర్రవాడు, "అదెందుకురా? మా కాలువ కట్ట మీద కొండచిలువ పిల్లలే ఉన్నయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకో తరువాత చెబుతాను. ముందు వాడి ప్రశ్నకు జవాబు చూద్దాం. ఒక జంతువుకు సౌకర్యమైన ఇల్లు కట్టాలంటే ముందుగా అది ఎలా బతుకుతుందో తెలియాలి కదా!

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పాము. సాధారణంగా మూడు నుంచి అయిదు అడుగుల పొడవు పెరుగుతుంది. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. దీనికి విషం లేదు. పగలు ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని రాత్రిపూట తిరుగుతుంది. ఆయుష్షు కూడా తక్కువేమీ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 2020 జూలై 23న ఒక ఆడ బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 ఏళ్లకు తగ్గదని అంచనా! అన్నీ అంతకాలం బతకకపోయినా, మీరు బడిలో ఉండగా తెచ్చిన పాము మీ పిల్లల పెళ్లిళ్ల దాకా ఉండవచ్చు.

మన శరీరం ఎండాకాలమైనా చలికాలమైనా 37 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే ఉంటుంది. మనం తిన్న అన్నంలో చాలా భాగం ఆ వేడి నిలపడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు. అందుకే వారాల తరబడి తినకుండా ఉండగలదు. కాని అది వేడిని బయటినుంచి తెచ్చుకోవాలి. చలివేస్తే ఎండలోకి, ఉడుకెత్తితే నీడలోకి జరగాలి. తగినంత వేడి లేకపోతే మింగిన ఎలుకను అరిగించుకోలేక కక్కేస్తుంది.

ఇప్పుడు పెట్టె సంగతి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రెండు చివరలా దాని ఒళ్లు సరిగ్గా పట్టేటంత గూళ్లు పెట్టాలి. ఒకటి చాలదా అంటారేమో! గూడు వేడి వైపున మాత్రమే ఉందనుకోండి. చల్లదనం కావాలంటే దాపు వదలాలి, దాపు కావాలంటే వేడి భరించాలి. భయపడే జంతువు వేడినే భరిస్తుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం ఉండాలి, లేకపోతే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది. కింద కొబ్బరి పొట్టు, ఒక నీళ్ల పళ్లెం, తాళం పడే మూత కావాలి. బల్బు పాముకు తగలకూడదు, తగిలితే ఒళ్లు కాలుతుంది. వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి.

ఇవన్నీ చలిదేశాల వాళ్లు రాసుకున్న లెక్కలు. అక్కడ పెట్టెను వెచ్చబరచడం సమస్య. మన సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మే నెల 44, 45 డిగ్రీలు చూపిస్తుంది. రేకుల ఇల్లయితే చెప్పనక్కరలేదు. ఇక్కడ పెట్టెను చల్లబరచాలి. మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోతే అద్దాల పెట్టెలోని పాము ఎక్కడికి జరుగుతుంది?

ఇక నేను నవ్వలేకపోయిన కారణం. నేను బి.ఇడి. ముగించి ఉద్యోగంలో చేరిన కొత్త. కాలువ పూడిక తీసే కూలీలు ఒక కొండచిలువ పిల్లను సంచిలో తెచ్చి ఇచ్చారు. పొంగిపోయి దాన్ని ప్రయోగశాలలోని అద్దాల తొట్టిలో పెట్టాను. కింద ఇసుక, పైన జాలీ మూత, దానిమీద వంద వాట్ల బల్బు. దాక్కోవడానికి ఏమీ పెట్టలేదు. పిల్లలకు కనబడాలి కదా! అది రాత్రింబగళ్లు ముక్కును జాలీకి రాస్తూ తిరిగేది. "చూడండి, ఎంత చురుగ్గా ఉందో!" అని పిల్లలకు చెప్పాను. తొమ్మిదో రోజు ఆదివారం. సోమవారం తలుపు తీసేసరికి నీళ్ల పళ్లెం ఎండిపోయి ఉంది. పాము దాని పక్కనే చచ్చి పడి ఉంది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో పెట్టి, పేరు, దొరికిన చోటు, తేదీ చీటీ మీద రాసి అతికించాను. చచ్చిన కారణం మాత్రం రాయలేదు. నేను చురుకుదనం అనుకున్నది బయటపడే దారి వెతుక్కోవడమని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను చేసింది నేరం కూడా. మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని పట్టినా, పెంచినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. బాల్ పైథాన్ పరదేశి పామే అయినా, 2022లో చట్టాన్ని సవరించాక అటువంటి జంతువులను కూడా అధికారుల వద్ద నమోదు చేయించాలి. వాటి వ్యాపారంలో దొంగ రవాణా చాలా ఉంది. 2023 జూలైలో తిరుచిరాపల్లి విమానాశ్రయంలో, కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి సామానులో 47 కొండచిలువలు దొరికాయి. ఫోనులో ముద్దుగా కనిపించే పాము వెనుక అటువంటి ప్రయాణం ఉండవచ్చు.

"జంతువును పెంచితేనే కదా సార్, దానిమీద ప్రేమ కలిగేది?" అని మీరడగవచ్చు. కోడినీ, కుక్కనూ, చేపలనూ పెంచండి, కాదనను. జంతు ప్రదర్శనశాలలో పాములు లేవా అంటే, అక్కడ పశువైద్యులున్నారు, రాత్రీపగలూ చూసే మనుషులున్నారు. ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా నమోదైన బాల్ పైథాన్ ఉంటే దానికి పైన చెప్పిన వసతులన్నీ ఉండవలసిందే. కాని కొత్తగా తెచ్చుకోవద్దు. కాలువ కట్ట మీది దాన్ని ముట్టుకోనేవద్దు. ఇది నా అభిప్రాయం.

దానికి అసలు ఇల్లు లేకపోతే కదా మనం కట్టడం! రాజస్థాన్‌లోని కేవలాదేవ్ జాతీయ పార్కులో కొండచిలువలు ఏదుపందులు తవ్విన బొరియల్లో ఉంటాయి, చలికాలంలో బయటికి వచ్చి ఎండ కాచుకుంటాయి. తల్లి కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలను అదిరిస్తూ వాటికి వెచ్చదనం ఇస్తుంది. మన ప్రాంతంలో 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక వరి పెరిగింది. వరి ఉన్నచోట ఎలుకలూ, పందికొక్కులూ ఉంటాయి. వాటిని తినే పాముకు కాలువ కట్ట, రాళ్లగుట్ట, పొదలే ఇల్లు. గట్లమీది పొదలకు నిప్పుపెట్టినప్పుడు, కనబడిన కొండచిలువను కర్రలతో కొట్టినప్పుడు మనం ఆ ఇంటిని కూలుస్తున్నాం.

మరో హెచ్చరిక. మీరు కొండచిలువ పిల్ల అనుకున్నది రక్తపింజర కావచ్చు. రెండూ లావుగా, మచ్చలతో ఉంటాయి. రక్తపింజర మచ్చలు గొలుసులా వరుసలుగా ఉంటాయి, కొండచిలువవి క్రమంలేని పెద్ద మరకల్లా ఉంటాయి. ఈ తేడా దగ్గరకు వెళ్లి చూడడానికి కాదు. ఏ పామైనా దూరంగా నిలబడి పెద్దలను పిలవండి, అటవీ శాఖకు చెప్పించండి.

చివరగా ఒక ప్రయోగం. బడి ఆవరణలో ఒక మట్టికుండను మూతి పైకి ఉండేలా రెండడుగుల లోతున పాతి, పైన పెంకు మూయండి. పక్కన ఎండలో ఒక ఖాళీ రేకు పెట్టె ఉంచండి. రెండింటిలోనూ దారం కట్టిన థర్మామీటర్లు దించండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు వారం రోజులు అంకెలు రాయండి. చెయ్యి లోపల పెట్టకుండా దారంతోనే పైకి లాగి చూడండి. పెట్టెలో అంకెలు ఎగిరెగిరి పడతాయి. కుండలో కొద్దిగానే మారతాయి. కరెంటు లేకుండా, థర్మోస్టాట్ లేకుండా నేల చేసే పని అది.

ఆ అంకెలను మీ సైన్సు సారుకు చూపించండి. కొండచిలువకు ఎవరి ఇల్లు మంచిదో మీరే తేల్చండి.