క్వెచువా అచ్చులు మూడా, అయిదా?

ఆండీసు కొండలలో, పెరూ దేశపు కుస్కో ప్రాంతమున పలుకు క్వెచువా భాషకు అచ్చులు అ, ఇ, ఉ అను మూడే. ఇది విన్నంతనే "అయ్యో, ఎంత పేదభాష!" యని జాలిపడు విద్యావంతులు కలరు. అచ్చుల లెక్కనుబట్టి భాషకు గౌరవము కట్టుట, నగల తూకమునుబట్టి యిల్లాలి గుణము నెంచుట వంటిది.

ఆ భాష సంపద హల్లులలో నున్నది. ‘తంత’ యనగా కూడిక. ‘థంత’ యనగా చినిగి జీర్ణమైనది. గొంతు బిగబట్టి తకారమును ఠప్పున విడిచినచో అదే మాట రొట్టె యగును. మొదటి రెంటికి మనకు అక్షరములు కలవు, మూడవదానికి లేదు. స్పానిషువారికి రెండవదియు లేదు. అట్టి లిపిలోనే ఆ భాషను శతాబ్దములుగా వ్రాసిరి. 1781లో, రెండవ తుపాక్ అమారు తిరుగుబాటు నణచిన పిదప, ఆ భాషనే నిషేధింప నాజ్ఞయు పుట్టినది.

1975లో పెరూ ప్రభుత్వము క్వెచువాను అధికారభాషగా గుర్తించెను; 1985లో మూడచ్చుల లిపిని స్థిరపరచెను. కుస్కోలోని క్వెచువా అకాడమీవారు మాత్రము అయిదచ్చులు వ్రాయవలసినదే యని పట్టుబట్టిరి. ఎ, ఒ చెవికి వినబడుచున్నవి కదా యని వారి వాదము. వినబడుట నిజమే. కొండనాలుకయొద్ద పుట్టు కకారమునకు ప్రక్కన నున్నపుడు ఇకారము ఎకారమువలెను, ఉకారము ఒకారమువలెను ధ్వనించును. సరస్సునకు ‘కుచ’ యని వ్రాసినను ‘కొచ’ యనియే వినబడును. అంతమాత్రమున వేరక్షరము కావలెనా? పాఠకులు ‘మేక’, ‘మేకు’ అను మాటలను పలికి చూతురు గాక! మొదటిదానిలో నోరు తెరచుకొనును, రెండవదానిలో ముడుచుకొనును. మనమందుకై రెండు ఏకారములు కల్పించుకొంటిమా?

లిమా పండితులు తమ్ము సంప్రదింపక లిపి నిర్ణయించిరని కుస్కోవారు నొచ్చుకొందురు. ఆ నొప్పిని మేము కాదనము. రాజధానుల యహంకారము మనకు క్రొత్తది కాదు. కాని నొప్పి అచ్చులను పెంచదు.

పల్లెబిడ్డ స్పానిషు మాటాడునపుడు ఎకారమునకు ఇకారము, ఒకారమునకు ఉకారము పలికినచో పట్టణమువారు పరిహసింతురు. ఆ పరిహాసమునకు వారి వాడుకలో ప్రత్యేకముగ నొక పేరే కలదు. ఆ తారతమ్యము వాని మాతృభాషలో లేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? స్పానిషులో దీనికై నవ్వులపాలైన బిడ్డ, తన భాష వ్రాయునపుడు కూడ స్పానిషు చెవినే యరువు తెచ్చుకొనవలెనా?

2017 జనాభా లెక్కలలో పెరూదేశమున 37 లక్షలకు పైగా జనులు క్వెచువాయే తమ తొలిభాష యని చెప్పిరి. ‘కుచ’ యని యొక పుస్తకమునను ‘కొచ’ యని వేరొకదానను చదువు వారి బిడ్డలకు అకాడమీవారేమి సమాధానము చెప్పుదురు?