పిచ్చి కాదు, జబ్బు

నిన్నటిదాకా బాగున్న అమ్మాయి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడి, లేనివి కనబడుతున్నాయంటే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. మన ఊళ్లలో కొందరైతే అంతకన్నా ముందు తాయెత్తు కట్టిస్తారు. 2005లో జోసెప్ దల్మావ్ బృందం అలాంటి నలుగురు యువతుల గురించి రాసింది. మతి చలించడం, జ్ఞాపకం చెదరడం, ఊపిరి మందగించడం. నలుగురికీ అండాశయంలో టెరటోమా అనే కణితి ఉంది. బుర్రలో వచ్చిన జబ్బుకు అండాశయంలో ఏం వెతుకుతాం?

దల్మావ్ వెతికారు. స్పెయిన్ నుంచి న్యూయార్క్ వెళ్లి, స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో జెరోమ్ పోస్నర్ దగ్గర క్యాన్సర్‌కూ నరాలకూ ఉన్న లంకె చదువుకున్న న్యూరాలజిస్టు ఆయన. రోగుల రక్తాన్నీ, వెన్ను నీటినీ ఎలుక మెదడు కణాలపై పరీక్షించారు. 2007లో కారణం దొరికింది: ఆ కణితిలో నాడీ కణజాలం ఉంటుంది. దానిపైకి లేచిన యాంటీబాడీలు మెదడు కణాలపై సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలనూ పట్టుకుంటాయి. కణితి లేనివాళ్లకూ, మగవాళ్లకూ, పిల్లలకూ ఈ జబ్బు వస్తుందని తర్వాత తెలిసింది.

మంచం పక్కన పుట్టిన అనుమానాన్ని ప్రయోగశాల దాకా వదలకపోవడమే ఈ కథలో నాకు నచ్చింది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి, కణితి ఉంటే తీసేయడం... వీటితో ఎక్కువమంది కోలుకుంటున్నారు, కాకపోతే నెలలు పడుతుంది.

ఈ సంచిక అలాంటి జబ్బుల గురించే. ప్రవర్తన హఠాత్తుగా మారి, దానికి ఫిట్స్ కూడా తోడైతే ఆలస్యం చేయకండి, న్యూరాలజిస్టుకు చూపించండి.