పాస్‌బుక్ లేని రైతు

మా నాన్న అవనిగడ్డ దగ్గర కౌలుకు వరి పండించేవాడు. ఇంట్లో పిల్లలమే ఎనిమిది మందిమి. నాయనమ్మ, భర్త పోయి పుట్టింటికొచ్చిన మేనత్త మాతోనే. నూర్పిళ్లు కాగానే ముందు ఆసామి బస్తాలు బండెక్కేవి, మిగిలిందే మా గాదెకు. అందుకే నాన్న ఆశంతా మినుము మీద. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, చేలో విత్తనం చల్లేవాడు. నేలలో మిగిలిన పదునుతోనే అది పండాలి. మా ఫీజులు, అక్కల పెళ్లిళ్లు ఆ మినుముల మీదే గడిచాయి.

1977 నవంబరు 19 ఉప్పెనకు చేలన్నీ ఉప్పుబారాయి. నాన్న మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని చూసేవాడు. తర్వాతి సార్వాకు అక్కడే నారు పోశాడు.

అలాంటివాణ్ణి రైతు అనడానికి మన చట్టాలకు ఇప్పటికీ నోరు రాదు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు సొంత భూమి ఉన్నవాళ్లకే. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది గానీ, 11 నెలల ఒప్పందంపై యజమాని సంతకం కావాలంది. పొలం చేజారుతుందన్న భయంతో చాలామంది ఆసాములు సంతకం పెట్టరు. ఇప్పుడు కౌలుకు చేస్తున్న మా తమ్ముడిదీ ఇదే గోడు. ఏ చేను ఎవరు దున్నుతున్నారో ఊరంతటికీ తెలుసు. గ్రామసభలో అడిగి కార్డు ఇవ్వండి.