ఒక్క తీసివేత చేయలేకపోయారా?

మా తమ్ముడి ఫైల్లో ఆ రిపోర్టు ఇంకా ఉంది. టోటల్ కొలెస్ట్రాల్ 205, హెచ్‌డీఎల్ 33, ఎల్‌డీఎల్ 98, ట్రైగ్లిజరైడ్స్ 370. ఎల్‌డీఎల్ పక్కన నీలం పెన్నుతో టిక్కు. "చెడ్డ కొలెస్ట్రాల్ వంద లోపే ఉందమ్మా, ఏం భయం లేదు. ట్రైగ్లిజరైడ్స్ అంటారా, ముందు రోజు బిర్యానీ తిని ఉంటాడు" అన్నారు డాక్టరు మా మరదలితో. రెండు నిమిషాల్లో బయటికి పంపేశారు. 14 నెలలకి గుండెపోటుతో పోయాడు వాడు. 46 ఏళ్లు.

205లోంచి 33, 98 తీసేయండి. 74 మిగులుతుంది. మూడో తరగతి పిల్లాడి లెక్క! ఆ 74 ఏమిటని అడిగే నాథుడే లేడా?

మనం తిన్న కొవ్వునీ, లివర్ తయారు చేసిన కొవ్వునీ మోసుకుంటూ రక్తంలో రేణువులు తిరుగుతుంటాయి. ఆ 74 వాటిలోని కొలెస్ట్రాలే. దారిలో ఒక ఎంజైము వాటిలోని ట్రైగ్లిజరైడ్లని పిండేస్తుంది. మిగిలిన పిప్పిలో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది. ఈ శేషాలే, డాక్టర్ల భాషలో రెమ్నెంట్లు, రక్తనాళం గోడలోకి దూరి అక్కడే ఇరుక్కుంటాయి. ఎల్‌డీఎల్‌ని గోడలోని కణాలు ఎగబడి మింగాలంటే ముందు అది ఆక్సీకరణతో పాడవ్వాలి. వీటికి ఆ ఆలస్యం కూడా అక్కర్లేదు. భోజనం తర్వాత రక్తంలో తిరిగే ఈ శేషాలే నాళాల్ని పూడుస్తాయని శాస్త్రవేత్త జిల్వర్‌స్మిట్ 1979లోనే అన్నాడు. 1979లో! మా తమ్ముడికప్పుడు పాలపళ్లు.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, బాన పొట్ట, షుగరు. పూటపూటా తెల్లన్నం తినే మన ఇళ్లలో ఈ నాలుగూ కలిసి కనిపించడం వింత కాదు. అలాంటిచోట ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి ధైర్యం చెప్పడం ఏం వైద్యం?

ట్రైగ్లిజరైడ్లు తగ్గించినా లాభం లేదని 2022లోనే తేలింది కదా అంటారు కొందరు. నిజమే, 10 వేల మందికి పైగా జనంలో పెమాఫైబ్రేట్ అనే మందుని పరీక్షించారు, గుండెపోట్లు తగ్గలేదు. ఆ మందు ట్రైగ్లిజరైడ్లని తగ్గించింది గానీ, నాళాల్ని పూడ్చే రేణువుల సంఖ్యని తగ్గించలేదు. ఒక మాత్ర ఓడిపోతే ప్రమాదమే లేదనేస్తారా? తిండి మార్చమనొచ్చు, తాగుడు మానిపించొచ్చు, షుగరు అదుపు చేయొచ్చు, స్టాటిన్ మొదలుపెట్టొచ్చు. ఒక్క మాటైనా చెప్పలేదు.

ఎల్‌డీఎల్‌తో పాటు నాన్-హెచ్‌డీఎల్ (టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) కూడా చూడమని మన దేశపు లిపిడ్ నిపుణులే చెప్పారు. తమ్ముడి రిపోర్టులో ఆ గడి కూడా ఉంది. 130 దాటకూడనిది 172 అని అచ్చయి ఉంది. దాని పక్కన పెన్ను గీత కూడా లేదు.