ఎండ పట్టణములకు వేసవి యాత్ర

మన తెలుగు కుటుంబములలో నేడు విదేశయాత్ర అపురూపము కాదు. కొడుకో కూతురో జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉద్యోగము చేయుచు, వేసవిలో తల్లిదండ్రులను, అత్తమామలను పిలిపించుకొందురు. వచ్చిన పెద్దలకు రోము, ఏథెన్సు, సెవిల్లె నగరములు చూపింపవలెనని ముచ్చటపడుదురు. ముచ్చట మంచిదే. కాని ఆ మాట వినగానే మనవారికొక ధీమా కలుగును. “రెంటచింతల ఎండలు చూచిన మనకు యూరపు ఎండ యొక లెక్కయా?” అందురు. ఈ ధీమానుగూర్చియే సోదరీమణులతో ఈ నెల కొంత ముచ్చటింపదలచితిమి.

ఆ ఎండ లెక్కలోనిదే. 2021 ఆగస్టు 11వ తేదీని ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపమున సిరాక్యూస్ చెంత 48.8 డిగ్రీల వేడిమి నమోదైనది. మూడు దినములకు స్పెయిన్‌లోని మోంతోరో అను ఊర 47.4 డిగ్రీలకు ఎక్కినది. 2022 వేసవిలో యూరపునందు ఎండకు 60 వేలమందికి పైగా అసువులు బాసిరని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. వారిలో వృద్ధులు హెచ్చు. పురుషులకంటె స్త్రీలు హెచ్చు. దేశములలో ఇటలీ మొదటిది. మనమైనను ఎండను జయించినవారము కాము; 2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి.

నిజము చెప్పవలెనన్న, మనము ఇంటికడ ఎండను ఓర్చుకొనుట లేదు, ఎండనుండి తప్పుకొనుచున్నాము. రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నమున అఱువదియైదేండ్ల అత్తగారిని రాతిగుట్ట యెక్కించు కోడలు మన ఊర నుండునా? ఉండదు. కాని పరదేశములో, ఇంత డబ్బు పోసి వచ్చితిమి గదా, మరల వత్తుమో రామో అని, ఆ పనియే చేయుదుము. అపాయము ఎండలో కంటె ఈ తొందరలో ఎక్కువగా నున్నది.

కావున మొదట ఎంచుకొనవలసినది ఊరు కాదు, నెల. సెవిల్లెలో జూలై నెల పగటి వేడిమి సగటున 36 డిగ్రీలు. మే నెలలో 28 డిగ్రీల ప్రాంతము. మన బడులకు సెలవులు మే నెలలోనే యుండుట మన అదృష్టము. మే మొదటి పక్షమున కార్డోబా పట్టణములో ఇండ్లవారు తమ పూలముంగిళ్లను అందఱకు తెఱచి చూపుదురు. ఆ వేడుకకు 2012లో యునెస్కో గుర్తింపు లభించినది. అక్కడి మనుమల సెలవులనుబట్టి జూలై, ఆగస్టులే తప్పనిచో, దక్షిణపు నగరములను రెంటికి మించనీయక, ఒక్కొక్కచోట నాలుగేసి దినములు నిలుచుట మేలు. అనుమతిపత్రమునకు ఆఱు నెలల ముందునుండియు దరఖాస్తు పెట్టవచ్చును. దానికి 30,000 యూరోలకు తక్కువకాని వైద్యబీమా యుండి తీరవలెను. పెద్దలకు ముందే యున్న జబ్బులు అందులో చేరునో లేదో చదివి చూచుకొనుడు.

రెండవది గడియారము. మన ఊర పండ్రెండు దాటగానే సూర్యుడు నడినెత్తి దిగును. నాలుగైదు గంటలకు ఎండ చల్లబడును. ఆ లెక్క సెవిల్లెలో పనికిరాదు. స్పెయిన్ తూర్పుననున్న దేశముల కాలమును పాటించుటచేత, వేసవిలో అక్కడి గడియారము రెండున్నర కావచ్చునప్పటికి గాని మిట్టమధ్యాహ్నము కాదు. సాయంకాలము ఐదాఱు గంటలే మిక్కిలి మండు వేళ. జూన్ చివర ప్రొద్దు గ్రుంకుట రాత్రి పదింటికి కొంచెము ముందు. రోములోను ఏథెన్సులోను నడిమిప్రొద్దు ఒంటిగంట దాటిన పిమ్మట వచ్చును. “నాలుగైనది, ఇక బయలుదేరుదము” అని మన అలవాటున బయలుదేరితిమా, సెవిల్లెలో పొయ్యిలోనికే నడచినట్లగును.

అక్కడివారెట్లు చేయుదురో చూచి అట్లే చేయుట తెలివి. ఉదయముననే పనులు తీర్చుకొందురు. మధ్యాహ్న భోజనమైన పిదప తలుపులు మూసి విశ్రమింతురు. రాత్రి తొమ్మిది, పది గంటలకు పిల్లలతో వీధులకు వచ్చి భోజనము చేయుదురు. ఏథెన్సులోని అక్రోపోలిస్ కొండకు ఉదయము ఎనిమిదింటి టిక్కెట్టే తీసికొనవలెను. ఎండ మిక్కుటమైన దినములలో, 2023 జూలైలోను 2024 జూన్‌లోను, ఆ కొండను మధ్యాహ్నమునుండి ఐదింటివఱకు మూసివేసిరి. పట్టపగలు చూచుటకు కొండక్రింద 2009లో తెఱచిన ప్రదర్శనశాల యున్నది. కార్డోబాలో మందపు గోడల నడుమనున్న పురాతనపు మసీదు యున్నది. గ్రనడాలోని అల్‌హంబ్రా రాజమందిరములకు టిక్కెట్టుమీదనే వేళ వ్రాసి యుండును. కావున ప్రొద్దుటి వేళకు ముందుగనే కొనవలెను.

బస కుదుర్చునపుడు శీతలయంత్రము ఉన్నదా యని తప్పక అడుగుడు. పాత ఇండ్లలో లేకపోవచ్చును. మనకువలె పైకప్పు పంకాలును అరుదు. పగలు కిటికీరెక్కలు మూసి రాత్రి తెఱచుట అక్కడి ఆచారము. గాలి రావలెనని పగలు తెఱచిన వేడియే లోనికి వచ్చును. మన అమ్మమ్మలు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చిలుకరించి ఇల్లు చల్లబఱచినట్లే, అక్కడి గృహిణులును తమ తెలివితో ఇల్లు కాపాడుకొందురు.

ఇక స్త్రీలకు మాత్రమే చెప్పవలసిన మాట. ప్రయాణములలో మరుగుదొడ్డి దొరకునో దొరకదో యని మనలో చాలమంది నీళ్లు త్రాగుట మానుదురు. నోరు తెఱచి ఎవరికిని చెప్పరు. ఎండ ఊళ్లలో ఇది ప్రాణాపాయము. ఒక కాఫీ కొనుక్కొన్నచో ఆ హోటలులోని మరుగుదొడ్డిని వాడుకొనవచ్చును. ఆ కాఫీ వెల దండుగ కాదు. కోడండ్రు, కూతుండ్రు ఈ సంగతి పెద్దల నోట రాకముందే తెలిసికొని, రెండు గంటల కొకమాఱు తామే కాఫీ అంగడికి తీసికొనిపోవలెను. రోము వీధులలో 1874నుండి మంచినీటి కుళాయిలున్నవి. ఇప్పుడు సుమారు 2,500 కలవు. క్రింది గొట్టము వ్రేలితో మూసినచో పై రంధ్రమునుండి నీరు ఎగసి నోటికందును. సీసా వెంట నున్న చాలును, నీరు కొననక్కఱలేదు.

భోజనమున గజ్పాచో అను చల్లని చారు మంచిది. టమాట, దోసకాయ, ఉప్పు చేరి మజ్జిగవలె మేలు చేయును. దానిని పోలిన సాల్మొరేహో మీద గ్రుడ్డు, పందిమాంసము చల్లుదురు. శాకాహారులు వలదని ముందే చెప్పవలెను. నూలుచీర, గొడుగు, జాఱని చెప్పులు చాలును. ప్రార్థనాలయములలో భుజములు కప్పుకొనవలెను. దానికి మన పైటకొంగే యున్నది.

రక్తపుపోటుకు మాత్రలు వాడువారు బయలుదేరుటకు ముందే వైద్యుని సలహా పొందవలెను. తల తిరిగినను, వాంతియైనను నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడిచి విసరవలెను. మాట తడబడినను, తెలివి తప్పినను ఆలసింపక 112కు ఫోను చేయుడు. ఆ దేశములన్నిట అదియే సంఖ్య.

చూడవలసినవానిలో సగము మిగిలిపోయినను చింత లేదు. రోము రెండువేల యేండ్లకు పైబడి నిలిచియున్నది. వచ్చు ఏటికిని ఉండును. వెంట వచ్చిన పెద్దలు చల్లగా ఇల్లు చేరుటయే యాత్రాఫలము.